తుంటి గిన్నె విరిగితే... మొదటి వారాన్ని చేజార్చుకోవద్దు

ఇంట్లో పెద్దవాళ్లు జారిపడి తుంటి విరిగిందనగానే ఆసుపత్రి వరండాలో తప్పకుండా వినిపించే మాట ఒకటుంది. ‘ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు డాక్టరు గారూ... కట్టు కట్టించి ఇంటికి తీసుకెళ్తాం, మంచంలో ఉంచి మేమే చూసుకుంటాం.’ ఈ మాట అనేవాళ్లకు పెద్దాయన మీద ప్రేమ లేక కాదు. ప్రేమ ఉంది కాబట్టే అంటారు. ఆపరేషన్ బల్ల మీద ఏదైనా అయితే ఆ పాపం తమకు చుట్టుకుంటుందని భయం. మంచం మీద ఏమైనా అయితే మాత్రం అది వయసు ఖాతాలోకి పోతుంది.

నేను ఎముకల డాక్టరును కాదు, ఫిజీషియన్‌ను. ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు దాకా ఉన్న ఊళ్ల నుంచి వచ్చే ఇలాంటి పెద్దవాళ్లను ఆర్థోపెడిక్ డాక్టర్లు ‘ఫిట్‌నెస్’ కోసం మా దగ్గరకు పంపుతారు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లనూ చూస్తాం. వద్దని ఇంటికి తీసుకెళ్లి, నెల తిరక్కముందే నిమోనియాతోనో, నడుము కింద పుండ్లతోనో తిరిగి తీసుకొచ్చినవాళ్లనూ చూస్తాం. రెండు వైపులా చూస్తాం కాబట్టే ఈ మాటలు చెప్పాలనిపిస్తోంది.

తుంటి విరగడం అంటే మనకు తెలిసింది తొడ ఎముక మెడ విరగడం. ఎక్కువమందికి విరిగేది అదే. దాని గురించి పత్రికల్లో చాలాసార్లు చదివే ఉంటారు. ఈ వారం చెప్పబోయేది దాని పక్కనే ఉండే మరో ఎముక సంగతి. తొడ ఎముక తల బంతిలా గుండ్రంగా ఉంటుంది. అది తిరగడానికి కటి ఎముకలో ఒక లోతైన గిన్నె ఉంటుంది. దాని పేరు ఎసిటాబులమ్. పూర్వం రోమన్లు భోజనాల దగ్గర వెనిగర్ పోసుకునే చిన్న గిన్నెను ఆ పేరుతో పిలిచేవారు, ఎముకకూ అదే పేరు నిలిచిపోయింది. మనం తుంటి గిన్నె అనుకుందాం.

ఒకప్పుడు ఈ గిన్నె విరిగిందంటే రోడ్డు ప్రమాదమో, చెట్టు మీద నుంచి పడటమో కారణమై ఉండేది. రోగి కుర్రాడై ఉండేవాడు. ఇప్పుడలా లేదు. అమెరికాలో 1980 నుంచి 2007 దాకా తుంటి గిన్నె విరిగిన 1309 మంది వివరాలను పరిశీలిస్తే 235 మంది అరవై దాటినవాళ్లే. ఆ కాలంలో మొదటి సగం కంటే రెండో సగంలో పెద్దవాళ్ల కేసులు 2.4 రెట్లు పెరిగాయి. మన దగ్గరా ఆయుష్షు పెరిగింది. ఇళ్లలో నున్నటి టైల్స్, గ్రానైట్ పరిచాం. పిల్లలు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో స్థిరపడితే ఖమ్మం, కొత్తగూడెం, మణుగూరు, పాల్వంచల్లో అమ్మానాన్నలిద్దరే ఉంటున్న ఇళ్లు ఎన్నో. రాత్రి రెండింటికి బాత్రూమ్‌కు లేచి, లైటు వేసుకోకుండా నడిచి, పక్కకు ఒరిగి పడితే చాలు. తుంటి పక్కన తగిలిన దెబ్బ తొడ ఎముక తల మీదుగా గిన్నెలోకి వెళుతుంది. ఎముక గుల్లబారి ఉంటే గిన్నె లోపలి గోడ పగిలి, బంతి కడుపు వైపు చొచ్చుకుపోతుంది.

దీంతో వచ్చే మొదటి చిక్కు, ఇది తేలిగ్గా దొరకదు. తొడ ఎముక మెడ విరిగితే చాలామందిలో కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగిపోయి కనిపిస్తుంది. గిన్నె విరిగితే అలా కనిపించకపోవచ్చు. గజ్జల్లో నొప్పి అంటారు, కాలు మీద బరువు వేయలేరు, అంతే. మామూలు ఎక్స్‌రేలో తొడ ఎముక నిక్షేపంగా ఉంటుంది, గిన్నెలోని సన్నటి పగులు కనపడదు. ‘ఎముక విరగలేదు, బెణికింది’ అన్న మాటతో ఇంటికి వచ్చేస్తారు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పడకముందు నడిచిన మనిషి పడిన తర్వాత కాలు మోపలేకపోతున్నారంటే, ఎక్స్‌రే బాగున్నా సరే సీటీ స్కాన్ చేయించాలి. చీలిక మరీ సన్నగా ఉంటే ఎంఆర్ఐ కావాలి. గిన్నె ఎటు పగిలింది, ఎన్ని ముక్కలైంది, బంతి ఎంత లోపలికి పోయిందన్నది సీటీలోనే తెలుస్తుంది. అది చూడకుండా ఆపరేషన్ కావాలనీ వద్దనీ ఎవరూ చెప్పలేరు.

ఇంకో సంగతి. గిన్నె చుట్టూ పెద్ద రక్తనాళాలు ఉంటాయి. అక్కడ విరిగితే పైకి చుక్క రక్తం కనపడకుండానే లోపల చాలా రక్తం పోవచ్చు. గుండెకు స్టెంటు వేయించుకుని రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. అందుకే మొదటి రోజు హిమోగ్లోబిన్ పది ఉందని ధీమాగా ఉండకూడదు, మర్నాడు మళ్లీ చూడాలి.

ఇక మా ప్రాంతం సంగతి. పడిన చోటు నుంచి సరైన డాక్టరు దాకా చేరడానికే ఇక్కడ రోజులు పడుతున్నాయి. ముందు ఊళ్లో తైలం మర్దన, తర్వాత వెదురు బద్దల కట్టు. మన రాష్ట్రాల్లో పుత్తూరు కట్టుకు ఉన్న పేరు అందరికీ తెలిసిందే, అడవి పల్లెల్లోనూ కట్టు కట్టేవాళ్లు ఉన్నారు. ముంజేయికి, కాలి పిక్కకు కట్టు కట్టొచ్చు. కడుపు కింద, కండరాల అడుగున ఉన్న గిన్నెకు కట్టు ఎక్కడ కడతారు? తొడ చుట్టూ బిగించిన బద్దలు గిన్నెను ఏమీ చేయలేవు, చర్మాన్ని మాత్రం ఒరిపిస్తాయి. చర్ల నుంచో, దుమ్ముగూడెం నుంచో భద్రాచలం రావాలి. అక్కడి నుంచి ఖమ్మం రావాలంటే మరో నూటపాతిక కిలోమీటర్ల దాకా ప్రయాణం. ఖమ్మం నుంచి హైదరాబాద్ ఇంకో రెండు వందలు. వానాకాలంలో అదీ కుదరదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు వంతెన మీద రాకపోకలే ఆపేశారు. వాగులు పొంగితే లోపలి ఊళ్ల నుంచి మంచం మీద మోసుకు రావడం ఇప్పటికీ ఉంది.

పట్టణాల్లోని చదువుకున్న కుటుంబాల్లో ఆలస్యానికి కారణం వేరు. పెద్దబ్బాయి డాలస్ నుంచి రావాలి. చిన్నమ్మాయి మామగారికి తెలిసిన డాక్టరు ఒకసారి స్కాన్ చూడాలి. అమావాస్య వెళ్లిపోవాలి. ఈ లోపల కాలికి బరువు వేలాడదీసి మంచంలో ఉంచుతారు. చూస్తుండగానే పన్నెండు రోజులు గడిచిపోతాయి.

ఆ రోజులకు అంత విలువ ఎందుకంటే, గిన్నె ముక్కలు ఎక్కడ పడితే అక్కడే అతుక్కోవడం మొదలుపెడతాయి. ఈ ఎముకల ఆపరేషన్లకు దారి చూపిన ఫ్రెంచి సర్జన్లు రాబర్ట్ జూడే, ఎమిల్ లెటూర్నెల్. 1964లో వాళ్లు ప్రచురించిన వర్గీకరణనే నేటికీ ప్రపంచమంతా వాడుతోంది. లెటూర్నెల్ తన రోగులను కాలాన్ని బట్టి విడదీశాడు. మూడు వారాల లోపు చేసినవి ఒక రకం, ఆ తర్వాత చేసినవి మరో రకం. మూడు వారాలు దాటితే వంకరగా అతుక్కున్న ఎముకను మళ్లీ విడగొట్టి సరిచేయాలి. కోత పెద్దది, రక్తస్రావం ఎక్కువ, ఫలితం తక్కువ. ఈ కష్టాన్ని పాతికేళ్ల కుర్రాడు తట్టుకుంటాడేమో, డెబ్బై అయిదేళ్ల తాతయ్య తట్టుకోవడం కష్టం. కాబట్టి అసలు నిర్ణయం మొదటి వారంలోనే జరగాలి. ఆపరేషన్ వద్దన్న నిర్ణయమైనా సరే, అప్పుడే తీసుకోవాలి.

మంచం గురించి కూడా కాస్త చెప్పాలి, ఎందుకంటే మనం దాన్ని విశ్రాంతి అనుకుంటాం. 2007లో అమెరికా వైద్య పత్రిక జామాలో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. ఏ జబ్బూ లేని పెద్దవాళ్లను పది రోజులు మంచం దిగకుండా ఉంచితే ఒక్క కాళ్లలోనే సుమారు కిలో కండ కరిగిపోయింది. ఏ దెబ్బా తగలని ఆరోగ్యవంతుల సంగతి అది. విరిగిన తుంటితో, నొప్పితో, అన్నం సయించక పడుకున్న మనిషికి ఇంకెంత పోతుందో ఊహించుకోండి. వెల్లకిలా పడుకున్నవాళ్లు దగ్గలేరు, కఫం ఊపిరితిత్తుల్లో చేరుతుంది. కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ గుండె మీదుగా ఊపిరితిత్తులకు వెళితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. మూత్రం గొట్టం పెడితే ఇన్ఫెక్షన్. పిరుదుల దగ్గర చర్మం ఎర్రబడటానికి ఒక్క పూట చాలు. ఆరు వారాలు కాలికి బరువు కట్టి పెద్దవాళ్లను మంచంలో ఉంచే పద్ధతి నాకు నచ్చదు. ఇంకే దారీ లేనప్పుడు తప్ప అటు పోకూడదు.

అలాగని గిన్నె విరిగిన ప్రతివారికీ ఆపరేషన్ అక్కర్లేదు. పగులు కొద్దిగానే జరిగి, బంతి గిన్నెలో సరిగ్గానే కూర్చుని ఉంటే ఆపరేషన్ లేకుండానే అతుకుతుంది. అలాంటివారిని కూడా పడుకోబెట్టకూడదు. నొప్పి తగ్గించి ఒకటి రెండు రోజుల్లోనే కూర్చోబెట్టాలి. వాకర్ పట్టుకుని, ఆ కాలి వేళ్లను మాత్రం నేలకు ఆనిస్తూ నడిపించాలి. ముక్కలు పక్కకు జరగలేదని చూసుకోవడానికి మొదటి కొన్ని వారాలు ఎక్స్‌రేలు తీయించాలి. గుండె, ఊపిరితిత్తులు బాగా దెబ్బతిని మత్తు ఇవ్వలేని పరిస్థితి ఉన్నవారికీ, పడకముందు నుంచే మంచం పట్టి ఉన్నవారికీ ఇదే దారి.

గిన్నె బాగా చెదిరి, బంతి లోపలికి దిగిపోతే ఆపరేషన్ గురించి ఆలోచించాలి. ఒక పద్ధతిలో పొత్తికడుపు ముందు వైపు నుంచి వెళ్లి ముక్కలను చోటుకు చేర్చి ప్లేట్లు, స్క్రూలు బిగిస్తారు. ముక్కలు పెద్దగా కదలకపోతే ఎక్స్‌రే తెర మీద చూస్తూ చిన్న గాటు నుంచే పొడవాటి స్క్రూ వేసే వీలు ఉంటుంది. అయితే ప్లేట్లు వేశాక ఆరు నుంచి పన్నెండు వారాలు ఆ కాలి మీద పూర్తి బరువు వేయవద్దంటారు. కుర్రాళ్లు ఒంటికాలి మీద గెంతుతూ నెట్టుకొస్తారు. ఎనభై ఏళ్ల నానమ్మ ఒంటికాలి మీద నిలబడగలదా? అందుకే కొందరిలో ప్లేట్లతో గిన్నెను గట్టిచేసి, అదే ఆపరేషన్‌లో తుంటి కీలు కూడా మార్చేస్తున్నారు. గిన్నె పైకప్పు నలిగిపోయినవారికి, తొడ ఎముక తల కూడా దెబ్బతిన్నవారికి, ముందు నుంచే కీలు అరిగి ఉన్నవారికి ఇది ఎక్కువగా ఆలోచిస్తారు. చాలామందిని కొద్ది రోజుల్లోనే కాలి మీద బరువు వేసి నడిపించవచ్చన్నది దీనిలోని లాభం. రెండు పనులు ఒకేసారి కాబట్టి ఆపరేషన్ పెద్దది, సర్జన్‌కు రెండింటిలోనూ చెయ్యి తిరిగి ఉండాలి. ప్లేట్లు మాత్రమే వేయించుకున్నవారిలోనూ కొందరికి తర్వాత కీలు అరిగి మార్చాల్సి వస్తుంది. కొన్ని అధ్యయనాల్లో ఇలాంటివారు పావు వంతు దాకా తేలారు. ఈ మాట డాక్టరు ముందే చెబితే తర్వాత ‘ఆపరేషన్ ఫెయిలైంది’ అన్న మాట రాదు.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. ఆపరేషన్ చేయిస్తే ఆయుష్షు పెరుగుతుందని ఎవరైనా మాట ఇస్తే నమ్మకండి. అరవై దాటిన 454 మందిని పరిశీలించిన అమెరికా అధ్యయనం 2015లో వచ్చింది. ఏడాది తిరిగేసరికి వారిలో 16 శాతం మంది చనిపోయారు. వయసు, ఇతర జబ్బులు లెక్కలోకి తీసుకుని చూస్తే ఆపరేషన్ వల్ల ఆ సంఖ్య పెరగనూ లేదు, తగ్గనూ లేదు. ఇది రెండు రకాల భయాలకూ సమాధానం. ‘కోస్తే పోతారు’ అన్నదీ నిజం కాదు, ‘కొయ్యకపోతే పోతారు’ అన్నదీ నిజం కాదు. ఆపరేషన్ ఇవ్వగలిగింది వేరు. సరైన రోగికి సరైన సమయంలో చేస్తే మళ్లీ లేచి నిలబడటం, తన పని తాను చేసుకోవడం, నొప్పి లేకుండా కూర్చుని అన్నం తినడం సాధ్యమవుతాయి.

అందుకే ‘రిస్క్ ఎంత శాతం’ అని వీడియో కాల్‌లో అడిగే పిల్లలకు నేను తిరిగి ఒక ప్రశ్న వేస్తుంటాను. పడకముందు రోజు నాన్నగారు ఏం చేశారు? పాలపాకెట్టు తెచ్చుకున్నారా, గుడికి వెళ్లొచ్చారా, బ్యాంకు పని చూసుకున్నారా? లేక ఇద్దరు పట్టుకుంటే గానీ బాత్రూమ్‌కు వెళ్లలేని స్థితిలో ఉన్నారా? ఎనభై రెండేళ్లున్నా పొద్దున్నే నడకకు వెళ్లే మనిషికి ఆపరేషన్ మీద హక్కు ఉంది. అరవై అయిదేళ్లకే మతిమరుపుతో, పక్షవాతంతో మంచానికి అంటుకుపోయిన మనిషిని కోయడంలో అర్థం లేదు. ఆధార్ కార్డు మీది పుట్టిన సంవత్సరం దీన్ని తేల్చదు. ఆ పెద్దాయన స్పృహలో ఉంటే ఆయన్ను కూడా అడగండి. తలుపు బయట కొడుకులు, అల్లుళ్లు, బావమరుదులు గుసగుసగా తేల్చేస్తారు. తుంటి మాత్రం ఆయనది.

మా విభాగం పని గురించి ఒక మాట. ‘ఫిట్‌నెస్ రాలేదు’ అన్న కారణంతో ఆపరేషన్ వాయిదా పడుతుంటే, సరిగ్గా ఏది రాలేదో అడగండి. సోడియం బాగా పడిపోయిందా, గుండె లయ తప్పిందా, నిమోనియా ఉందా? ఇవి ఒకటి రెండు రోజుల్లో సరిదిద్దాల్సినవే. షుగర్ 180 ఉందని, బీపీ కాస్త ఎక్కువుందని వారం ఆపాల్సిన పని లేదు. మీ వైపు నుంచి మీరు చేయాల్సింది, వాడుతున్న మాత్రలన్నీ అట్టలతో సహా తేవడం. ‘పొద్దున ఒకటి తెల్లది, రాత్రి ఒకటి గులాబీది’ అంటే మాకు తెలియదు. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందులుంటే చేర్చిన గంటలోనే చెప్పాలి. షుగర్‌కు వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలను ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపుతాం. లేకపోతే షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లాలు పెరిగిపోయే ప్రమాదం ఉంది. ఏ మందైనా సొంతంగా మాత్రం ఆపొద్దు.

ఆసుపత్రిలో రెండో రాత్రో మూడో రాత్రో పెద్దాయన ఉన్నట్టుండి ‘నన్ను ఇంటికి తీసుకెళ్లండి, గోడ మీద ఎవరో ఉన్నారు’ అనడం మొదలుపెడితే హడలిపోకండి. గాలి సోకిందనీ అనుకోవద్దు. నొప్పి, నిద్రలేమి, ఇన్ఫెక్షన్, కొత్త చోటు కలిసి తెచ్చే తాత్కాలిక మతి తడబాటు ఇది. డాక్టరుకు వెంటనే చెప్పండి. కళ్లజోడు పెట్టండి, వినికిడి మిషన్ ఉంటే పెట్టండి. రోజూ కనిపించే మనిషి పక్కన కూర్చుని పేరు పెట్టి మాట్లాడాలి. ఇక తిండి. వంకాయ, పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందని చారన్నంతో సరిపెట్టే పథ్యం మన ఇళ్లలో ఇంకా ఉంది. గాయం మానడానికీ, పోయిన కండ తిరిగి రావడానికీ మాంసకృత్తులే కావాలి. గుడ్డు, పప్పు, పెరుగు, చేప ఏది అలవాటైతే అది పెట్టండి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఎంత తినాలో డాక్టరును అడగాలి.

ఖర్చు గురించి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. డెబ్బై దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి అయిదు లక్షల దాకా వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డులను 2024 అక్టోబరు 29 నుంచి కేంద్రం ఇస్తోంది. మధ్యతరగతివాళ్లు ‘అది మాకు కాదు’ అనుకుని వదిలేస్తున్నది ఇదే. పడ్డాక పరుగులు పెట్టకుండా ఇప్పుడే తీసి ఉంచుకోండి. మన సరిహద్దులో ఇంకో మెలిక ఉంది. 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. అక్కడివారికి ఇప్పటికీ దగ్గరి పెద్ద ఆసుపత్రి భద్రాచలమే, కార్డు మాత్రం ఇంకో రాష్ట్రానిది. కాబట్టి మీ కార్డు, మీ ఆపరేషన్ రెండూ ఆ ఆసుపత్రిలో చెల్లుతాయా అని ఆరోగ్యమిత్రను చేరిన రోజే అడగాలి. ఆపరేషన్ చేసే డాక్టరును కూడా మొహమాటం లేకుండా అడగండి: ‘తుంటి గిన్నె ఆపరేషన్లు మీరు తరచూ చేస్తుంటారా?’ మోకాలి చిప్పలు బాగా మార్చే సర్జన్‌కు ఈ పనిలో అనుభవం ఉండాలని లేదు. మంచి సర్జన్ ఈ ప్రశ్నకు కోపం తెచ్చుకోడు, అవసరమైతే తానే పంపిస్తాడు.

ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది. బ్రిటన్‌లో తుంటి విరిగిన పెద్దవాళ్లందరి వివరాలు నమోదు చేసే జాతీయ రిజిస్టర్ 2007లో మొదలైంది. 2010 నుంచి, నిర్ణీత గంటల్లో ఆపరేషన్ చేసి, వృద్ధుల వైద్య నిపుణుడు కూడా చూసిన ఆసుపత్రులకు అదనంగా డబ్బు ఇస్తున్నారు. మనకు కొత్త భవనాలు అక్కర్లేదు. పడిన పెద్దాయన ఏ గంటకు పడ్డారు, ఏ గంటకు చేరారు, సీటీ ఎప్పుడైంది, నిర్ణయం ఎప్పుడైంది అని రాసే ఒక పుస్తకం ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఉంటే చాలు, ఎక్కడ రోజులు పోతున్నాయో ఆరు నెలల్లో తెలిసిపోతుంది. స్కాన్‌ను పెద్ద ఆసుపత్రి నిపుణులకు అదే రోజు పంపి, రోగిని కదిలించాలో వద్దో ముందే తేల్చుకునే ఏర్పాటు ఉంటే, నొప్పితో మూడు వందల కిలోమీటర్లు వెళ్లి ‘ఆపరేషన్ అక్కర్లేదు’ అనిపించుకుని రావాల్సిన బాధ కొందరికైనా తప్పుతుంది.

మీ ఇంట్లో ఇలా జరిగితే వెంటనే చేయాల్సినవి కొన్నే. పడినవారిని లేపి నడిపించి చూడొద్దు, ఆటోలో కూర్చోబెట్టొద్దు. కాళ్ల మధ్య దిండు పెట్టి, రెండు కాళ్లూ కలిపి వదులుగా కట్టి, గట్టి పలక మీద పడుకోబెట్టి 108లో తీసుకురండి. ఆపరేషన్ అవసరమవుతుందనిపిస్తే దారిలో టీ, టిఫిన్ పెట్టొద్దు.

ఎముక సరిపడ్డాక ఇంకో ప్రశ్న మిగులుతుంది. అసలు ఎందుకు పడ్డారు? నిలబడగానే బీపీ పడిపోతోందేమో, నిద్రమాత్ర ఎక్కువైందేమో, కంట్లో పొర ముదిరిందేమో, ప్రోస్టేట్ వల్ల రాత్రి నాలుగుసార్లు లేస్తున్నారేమో. ఇవన్నీ ఫిజీషియన్ చూడాల్సినవే. గుల్లబారిన ఎముకకు మందు కూడా ఉంది. తొడ ఎముక విరిగి ఆపరేషన్ అయిన 2127 మందిపై జరిగిన ట్రయల్ 2007లో వచ్చింది. ఏడాదికోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ తీసుకున్నవారిలో మళ్లీ ఎముకలు విరగడం 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయి. తుంటికి ప్లేట్లు వేయించడానికి లక్షలు పోయడానికి సిద్ధపడే కుటుంబాలు ఈ ఇంజెక్షన్ ఊసే ఎత్తవు, చాలా డిశ్చార్జి కాగితాల్లోనూ దాని పేరుండదు. కుట్లు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు అడగండి. క్రియాటినిన్, కాల్షియం, విటమిన్ డి రిపోర్టులు వెంట తెచ్చుకుని, పుచ్చిన పళ్లేమైనా ఉంటే ముందే చూపించుకుని వస్తే, ఇవ్వొచ్చో లేదో ఆ రోజే చెప్పగలం.